తోలు తీసి చూడకుండా పెట్టిన సంతకం

పశువైద్య కళాశాలలో మాకు చాలా నేర్పారు. ఈనలేక అవస్థపడే ఆవుకు లోపల దూడను ఎలా తిప్పాలో, గాలికుంటు వచ్చిన మందను ఎలా కాపాడాలో నేర్పారు. చచ్చిన పశువు పక్కన దాని యజమాని నిలబడి ఉంటే ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. నా ఉద్యోగంలో సగం కష్టం అక్కడే ఉండింది.

ముప్పై ఏండ్లకు పైగా కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కలే పనిచేశాను. మధ్యలో కొన్నేండ్లు పిట్లంలో ఉన్నాను. ఏ హోదా ఎప్పుడు వచ్చిందో ఇక్కడ రాయను. అది సర్వీసు రిజిస్టర్లో ఉంది, దానితో ఎవరికీ పని లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఉపయోగపడతాయనుకున్న సంగతులు మాత్రం రాస్తాను. అందులో ముఖ్యమైనది నా తప్పు. దానితోనే మొదలుపెడతాను.

మా వైపు పల్లెలు చాలావరకు గుట్టలకు, అడవికి ఆనుకొని ఉంటాయి. పొలం గట్టు దాటితే పొదలు, పొదలు దాటితే గుట్ట. అక్కడ చిరుతలుంటాయి, వాటిని మా వైపు పులి అనే అంటారు. అడవి పందులుంటాయి. కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. పశువు చస్తే ఇద్దరికి కబురు వస్తుంది. ఒకరు అటవీ శాఖ బీట్ ఆఫీసర్, ఇంకొకరు పశువుల డాక్టర్. ఏ జంతువు చంపిందో డాక్టర్ రాయాలి. చిరుత చంపిందని రాస్తే రైతుకు పరిహారం వస్తుంది. కుక్కలు చంపాయని రాస్తే రాదు. ఆ కాగితం మీద మనం రాసేది ఒక్క వరుస. ఆ వరుస తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనం చూడం.

సగం తీసేసి విను

నా మొదటి పై అధికారి గొప్ప సర్జన్. బర్రె కడుపు కోసి, అది మింగిన ఇనుప తీగను బయటికి తీసి, మళ్లీ కుట్టేస్తుంటే చూడటం ఒక ముచ్చట. చేతి పనంతా నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆయనకు రైతుల మాట మీద నమ్మకం ఉండేది కాదు. రోగమొచ్చి చచ్చినదాన్ని కూడా పులి ఖాతాలో రాయమని వస్తారని, రైతు చెప్పిన దాంట్లో సగం తీసేసి వినాలని అనేవాడు.

అది పూర్తిగా అబద్ధమని కూడా అనలేను. పాము కరిచి చచ్చిన ఎద్దును గుట్ట దాకా ఈడ్చుకెళ్లి పడేసి, పులి చంపిందని చెప్పిన మనిషిని నేనే చూశాను. అలాంటిది ఒకటి చూస్తే చాలు, తర్వాత వచ్చే పది మందినీ అదే కంటితో చూస్తాం.

నేను పుట్టింది తాడ్వాయి దగ్గర ఎవుసం చేసుకునే ఇంట్లో. మక్కజొన్న కంకులు పాలు పట్టే రోజుల్లో మా బాపు మంచె మీద కూర్చొని డబ్బా కొడుతూ పందులను తోలేవాడు. పంట పోతే ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా నౌకరీలో చేరిన రెండేండ్లకే బల్లకు ఇవతలి వైపు మనిషినైపోయాను. అది ఎంత తొందరగా జరుగుతుందో, జరుగుతున్నప్పుడు మనకు తెలియదు.

సాయిలు దుడ్డె

ఎల్లారెడ్డి నుంచి గాంధారి పోయే దారిలో, గుట్ట పక్కన పది పన్నెండు ఇండ్ల శివారు పల్లె ఒకటి ఉంది. దాని పేరు రాయను. అక్కడ సాయిలు, ఆయన భార్య నర్సవ్వ ఉండేవాళ్లు. రెండెకరాల పొలం, నాలుగు బర్రెలు, కొన్ని మేకలు. సాయిలు నాకంటే పదేండ్లు పెద్ద.

ఒక రోజు పొద్దున్నే ఆయన దవాఖానకు వచ్చి, తన బర్రె దుడ్డెను, అంటే దూడను, పులి చంపిందని చెప్పాడు. ఆ రోజు పది గంటలకు నాకు వేరే ఊళ్లో గాలికుంటు టీకాల శిబిరం ఉంది. మోటార్ సైకిల్ మీద వెళ్లాను. బీట్ ఆఫీసర్ యాదగిరి అప్పటికే అక్కడికి చేరుకున్నాడు. నెమ్మదైన మనిషి, ఎక్కువ మాట్లాడడు.

దుడ్డె కొట్టానికి రెండొందల అడుగుల దూరంలో, పొదల్లో పడి ఉంది. కడుపు తెరిచి ఉంది. వెనక కాళ్ల మాంసం పీకి పీకి ఉంది, తోక లేదు. మేం వెళ్లేసరికి మూడు ఊరకుక్కలు దాని చుట్టూ ఉన్నాయి. అక్కడిది మొరం నేల, పులి అడుగు పడినా కనిపించదు. నేను వంగి చూశాను. వెనక నుంచి పీకడం కుక్కల పద్ధతి. నా మనసులో రిపోర్టు అప్పుడే తయారైపోయింది.

సాయిలు గొంతు వైపు చూపించాడు. కుక్కలు తెల్లవారాక వచ్చాయని, అప్పటికే దుడ్డె చచ్చిపోయిందని చెప్పాడు. గొంతు దగ్గర వెంట్రుకలు బురదతో, ఎండిన నెత్తురుతో అట్టకట్టి ఉన్నాయి. పైకి ఏ గాయమూ కనిపించలేదు. నిజానికి అక్కడ తోలు కోసి, మడిచి, కింద చూడాలి. చిరుత గొంతు పట్టి చంపితే కోర పళ్ల రంధ్రాలుంటాయి, తోలు కింద నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంటుంది. చచ్చాక కుక్కలు కొరికిన చోట ఆ గడ్డ ఉండదు. ఇదంతా నాకు తెలుసు. అరగంట పని. ఆ అరగంట నేను పెట్టలేదు.

“కుక్కలే సాయిలూ, నాకు తెల్వదా?” అన్నాను.

ఆయన వాదించలేదు. ఒక్క మాట అడిగాడు. “అది మళ్ల వస్తది సారూ. అప్పుడు ఎవల్కి చెప్పాలె?”

ఊరకుక్కల గురించి పంచాయతీకి చెప్పమని సలహా ఇచ్చి, బండి సీటు మీద కాగితం పెట్టుకొని సంతకం చేశాను. పది గంటలకల్లా శిబిరంలో ఉన్నాను. టీకాలు బాగా జరిగాయని సంతోషంగా ఇంటికి పోయాను కూడా.

నర్సవ్వ దవాఖానకు వచ్చింది

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం పూట, నర్సవ్వ దవాఖానకు వచ్చింది. మేకలు పట్టుకొచ్చిన వాళ్ల వెనక నిలబడింది. ఆమె దగ్గర ఏ జంతువూ లేదు. అందరూ పోయేదాకా ఆగి, బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

“సారూ, మీరు జర రావాలె. మా ఆయన దుడ్డె మీద గుళికలు సల్లిండు.”

వరి మొవ్వు పురుగుకు వేసే గుళికలు. గుప్పెడు చాలు, ఎద్దును కూడా పడేస్తాయి. కూర్చోమని చెప్పి సంగతి అడిగాను. ముందు రోజు తెల్లవారుజామున పులి రెండో దుడ్డెను ఎత్తుకుపోయి, సగం తిని వదిలేసింది. మిగిలింది తినడానికి మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు. ఈసారి సాయిలు నా దగ్గరికి రాలేదు. వచ్చి ఏం లాభమని ఇంట్లో అన్నాడట. పొలానికి తెచ్చిన గుళికలు తీసుకెళ్లి దుడ్డె మాంసం మీద చల్లాడు.

“పులి సస్తే సావనీ అని నేను గూడ అనుకున్న సారూ, అబద్ధమెందుకు. గని పొద్దుగాల రెండు కాకులు సచ్చి వడ్డయి. మేకలు కాసేటోళ్లు అటే తిరుగుతరు. మా కర్రె కుక్క గూడ అటు మొకమే వెట్టింది. నాకు దడ వుట్టింది.”

మొగుడికి చెప్పకుండా రోడ్డు దాకా నడిచి, ఆటో ఎక్కి వచ్చింది. పులిని విషం పెట్టి చంపితే జైలని ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది. నేను రాసిన వరుస వల్లే ఆయన నా దగ్గరికి రాలేదని నాకు వెంటనే అర్థమైంది.

అలమారలో ఉన్న అట్రోపిన్ సూదిమందు మొత్తం సంచిలో వేసుకున్నాను. ఈ రకం విషానికి విరుగుడు అదే. చేతి తొడుగులు, కత్తి, సున్నం బస్తా తీసుకొని ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరాను.

కుక్క తల ఒళ్లో పెట్టుకొని

మేం వెళ్లేసరికి వాళ్ల నల్లటి కర్రె కుక్క పడిపోయి ఉంది. నోటి నుంచి చొంగ తీగల్లా కారుతోంది, ఒళ్లంతా వణుకుతోంది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఇంటి ముందు నేల మీద కూర్చొని సాయిలు దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. భార్య వెంట నన్ను చూసి కొంచెం పక్కకు జరిగాడు.

మొదటి సూదికి ఏమీ తేడా లేదు. పావుగంట ఆగి రెండోది వేశాను. చొంగ ఆగాలి, కంటిపాప తెరుచుకోవాలి, అప్పుడే మందు పట్టినట్టు. నర్సవ్వ నీళ్లు తెచ్చి దాని మూతి కడుగుతూ ఉంది. మధ్యలో ఒకసారి ఊపిరి ఆగినట్టే అయింది. సాయిలు దాని డొక్క మీద చేయి పెట్టి నా మొహం చూశాడు. నేను ఇంకో సూది ఎక్కించాను. కాసేపటికి డొక్క మళ్లీ కదిలింది.

అలా రెండు గంటలు గడిచాయి. ఆ రెండు గంటల్లో మేం మాట్లాడుకున్నది తక్కువ.

“నేనే వెట్టిన సారూ,” అన్నాడు ఆయన, కుక్క వైపే చూస్తూ.

“తెలుసు.”

“కేసు వెడ్తరు గద?”

నా దగ్గరున్నది వేరే మాట. అది చెప్పడానికి నాకు సూది వేసినంత సులువు కాలేదు. “మొదటి దుడ్డెకు నేను తోలు తీసి చూడలే సాయిలన్నా. చూడకుండనే రాసిన,” అన్నాను.

ఆయన తల ఎత్తాడు. “నాకెర్కే సారూ. ఆ దినం మీరు చేతులకు తొడుగులు గూడ ఏసుకోలే.”

అందులో కోపం లేదు. మూడు వారాల కింద తాను చూసింది చూసినట్టు చెప్పాడు, అంతే. నా పనిని నేను చూసుకోని రోజున ఆయన చూశాడు. నా ఉద్యోగంలో ఏ తనిఖీ అధికారీ నన్ను అంత సరిగ్గా పట్టుకోలేదు.

ఎండ తగ్గే వేళకు కుక్క నోరు ఆరింది. కంటిపాప పెద్దదైంది. లేవబోయి పడింది, మళ్లీ లేచింది. నర్సవ్వ కొంగుతో కళ్లు తుడుచుకొని లోపలికి పోయింది.

గొంతు కింద

అప్పుడు యాదగిరికి ఫోన్ చేశాను. ముందే చేయాల్సింది. కుక్క పేరు చెప్పుకొని ఆలస్యం చేశాను గానీ, అసలు కారణం భయం. సాయిలు మీద కేసు పడుతుందని భయం, నా సంతకం బయటపడుతుందని ఇంకా భయం. ఆయన వచ్చేలోపు ఎవరూ అటు పోకుండా సాయిలు, నర్సవ్వ దారికి రెండు వైపులా నిలబడ్డారు.

యాదగిరి వచ్చాక ఇద్దరం తొడుగులు వేసుకొని దుడ్డె దగ్గరికి పోయాం. గొంతు దగ్గర తోలు కోసి మడిచాను. కింద నాలుగు రంధ్రాలు, రెండు పైన, రెండు కింద. పై రెండింటి మధ్య నా మూడు వేళ్లు పట్టేంత ఎడం. చుట్టూ నెత్తురు గడ్డకట్టి నేరేడు పండు రంగులో ఉంది. బతికున్న గొంతును పట్టుకున్న గుర్తు. కుక్క చేసే పని కాదు. ముందటి దుడ్డె గొంతు కింద కూడా ఇదే ఉండి ఉంటుంది.

సాయిలును పిలిచి, దూరం నుంచే చూడమని చెప్పి చూపించాను. “నీ మాటే నిజం,” అన్నాను. ఆయన చూసి, గడ్డపార తేవడానికి ఇంటికి పోయాడు.

మనిషి లోతు గొయ్యి తవ్వి, దుడ్డెతో పాటు కాకులను, కింది మట్టిని కూడా వేసి, సున్నం చల్లి పూడ్చాం. పైన ముళ్ల కంప పరిచాం. చుట్టూ తిరిగి చూశాం. రెండు కాకులు తప్ప ఏదీ చావలేదు. పులి అటు రాలేదు.

యాదగిరికి అంతా చెప్పాను, ఏదీ దాచలేదు. ఆయన తన పై అధికారికి చెప్పాడు. మర్నాడు ఆ అధికారి వచ్చి పల్లె వాళ్లందరినీ కూర్చోబెట్టి గట్టిగా హెచ్చరించాడు. మిగిలిన గుళికల సంచి తీసుకెళ్లాడు. కేసు పెట్టలేదు. పెడితే ఇకమీద ఏ ఇంటి ఆడమనిషీ నర్సవ్వలా వచ్చి చెప్పదని యాదగిరి ఆయనకు నచ్చజెప్పాడట. అది సరైనదేనా అని ఎవరైనా అడిగితే నేను గట్టిగా చెప్పలేను. చట్టం తెలిసినవాళ్లు కాదంటారేమో. ఆ పల్లెలో ఆ తర్వాత ఎవరూ విషం పెట్టలేదన్నది మాత్రం నాకు తెలుసు.

నీ చేతితోనే రాయి

అప్పటికి మా మొదటి అధికారి బదిలీ మీద వెళ్లిపోయి, కామారెడ్డిలో ఒక మేడమ్ వచ్చారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. ఆమె ముందు నిలబడి జరిగింది మొత్తం చెప్పాను. ఆమె నా పాత సర్టిఫికెట్ తెప్పించి చదివారు. తిట్టలేదు.

“దీని మీద నువ్వే రాయి, నీ చేతితోనే. పరీక్ష చేయకుండా రాసిన అని రాయి,” అన్నారు.

రాశాను. ఆ నాలుగు వరుసలు రాయడానికి పట్టినంత సేపు నాకు ఏ పరీక్షలోనూ పట్టలేదు. సంతకం పెట్టి ఇచ్చాక, అంతా అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత ఆమె నుంచి మెమో కూడా వచ్చింది. అడిగితే, నిజం చెప్పినందుకు కుర్చీ వేశాను, తప్పు చేసినందుకు మెమో ఇచ్చాను, రెండూ వేరని నవ్వారు. నిజమే, ఆ రోజు నాకు కుర్చీ వేశారు.

రెండో దుడ్డెకు పరిహారం వచ్చింది, ఆలస్యంగానే అయినా. మొదటి దానికి రాలేదు. ఎప్పుడో కుక్కలు తినేసిన పశువును మళ్లీ పరీక్ష చేయలేం కదా. ఆ నష్టం సాయిలు మీదే పడింది. తప్పు ఒప్పుకుంటే అన్నీ సర్దుకుంటాయని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. కొన్ని సర్దుకోవు. అయినా ఒప్పుకోవాల్సిందే.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతులు రెండే. కబురొచ్చిన రోజే పోవాలి, ఏ శిబిరమున్నా సరే. గొంతు, మెడ దగ్గర తోలు కోయకుండా కలం బయటికి తీయకూడదు. ఇంకొకటి కూడా గమనించాను. యజమాని చూస్తుండగా కోసి, ఇదిగో ఇందుకు కుక్కలంటున్నాను, ఇందుకు పులి అంటున్నాను అని చూపిస్తే, పరిహారం రాదని చెప్పినా మనిషి ఒప్పుకుంటాడు. చూపించకుండా చెబితే ఒప్పుకోడు. అబద్ధం చెప్పడానికి వచ్చినవాడు కూడా తోలు మడిచేసరికి తల దించుకుంటాడు. రైతు మాటలో సగం తీసేయనక్కర్లేదు, మొత్తం విని కత్తి తీస్తే చాలు.

నాలుగు గోడలు, ఒక తలుపు

సర్టిఫికెట్ సరిగ్గా రాసినంత మాత్రాన దుడ్డె బతకదు. ఈ మాట ముందు అన్నది నర్సవ్వే. ఒకసారి మేకలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడానికి పోయినప్పుడు, మంచిగ రాసుడు మంచిదే గానీ అసలు రాసే పనే పడకుండ చేయరాదా అని అడిగింది.

యాదగిరి, నేను, సాయిలు కలిసి ఆ పల్లె చుట్టూ తిరిగాం. కొట్టాలన్నీ నాలుగు గుంజలు, పైన గడ్డి, చుట్టూ కంప. చిరుతకు అది తెరిచిన ఇల్లే. పైగా ఊళ్లో ఏ పశువు చచ్చినా గుట్ట మొదట్లో పడేసేవాళ్లు. ఆ వాసనకు కుక్కలొస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది, కుక్క దొరకకపోతే దుడ్డె. పులిని మేమే పిలుచుకుంటున్నామని సాయిలు అప్పుడు అన్నాడు.

గుట్ట రాళ్లకు కొదువ లేదు. సాయిలు నాలుగు గోడలు పెట్టి, రేకు తలుపు బిగించి, పైన ఇనుప జాలి పరిచాడు. కొట్టం వెనక పొదలు కొట్టేశారు. చచ్చిన పశువులను పూడ్చడానికి ఊరంతా ఒక చోటు చూసుకున్నారు. అందరూ వెంటనే వినలేదు. ఒకాయన ముళ్ల కంపే చాలని మొండికేసి, మూడు మేకలు పోయాక నా మీదే అలిగాడు. తర్వాత ఆయనే అందరికంటే ఎత్తు గోడ పెట్టాడు. చిరుత మాత్రం ఎక్కడికీ పోలేదు. గుట్టలోనే ఉంది. కుందేళ్లు, పందిపిల్లలు, నెమళ్లు తిని బతికి ఉంటుంది. ఊళ్లోకి రావడం తగ్గింది.

పిట్లంలో ఉన్నప్పుడు అలాంటి ముగింపు దొరకలేదు. అక్కడ అడవి పందుల కోసం ఎవరో పిండి ముద్దలో పేలుడు మందు పెట్టి మక్క చేను గట్టున వదిలారు. పంది తినలేదు. ఒక ముసలవ్వ పాడి ఆవు నమిలింది. అది నోట్లోనే పేలి కింది దవడ ఎగిరిపోయింది. దాన్ని బతికించడం ఎవరి వల్లా కాదు. అవ్వ దాని నుదురు మీద చేయి పెట్టుకొని కూర్చుంటే, శాశ్వతంగా నిద్రపుచ్చే మందు ఎక్కించాను. ఎవరు పెట్టారో ఊరందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. ఆ పెట్టినవాడి చేను కూడా నేను చూశాను. పందుల గుంపు పడి, ఒక్క కంకి నిలవకుండా దొర్లించి పోయింది. అతని మీద నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. పట్నంలో కూర్చొని జంతువులను ప్రేమించమని రైతుకు చెప్పడం సులువు. మీరు ఆ మాట చెప్పే ముందు అలాంటి చేను ఒకటి చూసి రండి. ఆ తర్వాత ఆ ఆవు దవడ గురించి చెప్పండి. రెండూ చూసినవాడి మాటే అక్కడ చెల్లుతుంది.

చెరుకు తోటలో

నౌకరీ చివరి ఏడాది మళ్లీ ఎల్లారెడ్డిలోనే పడ్డాను. యాదగిరి అప్పటికే రిటైరయ్యాడు. చెరుకు కోతల కాలం. ఒక పొద్దున సాయిలు ఫోన్ చేసి, తన తమ్ముడి తోటకు తొందరగా రమ్మన్నాడు. ఏం చచ్చిందని అడిగాను. ఏం సావలేదు, వచ్చి చూడమన్నాడు.

తోటలో సగం కోత అయింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీలు కొడవళ్లు కింద పెట్టి గట్టు మీద కూర్చున్నారు. ఎండాకుల మధ్య రెండు చిరుత కూనలు వాళ్లకు కనిపించాయి. ముందు చూసిన మేస్త్రీ చెయ్యెత్తి అందరినీ ఆపాడట. ఆ కబురు పాకి, ఫోన్లు పట్టుకొని ఫొటోల కోసం జనం వచ్చారు. నర్సవ్వ ఒక చెరుకు గడ పట్టుకొని దారికి అడ్డంగా కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఎవరినీ లోపలికి పోనివ్వలేదు.

“అది తల్లి. ఈ పక్కనే ఎక్కడ్నో ఉండి మనల్ని జూస్తుంటది. మీరు తొక్కుడు వెడ్తే ఎట్ల వస్తది?” అని వాళ్లకు చెబుతోంది.

కొత్త బీట్ ఆఫీసర్, నేను లోపలికి పోయి పది అడుగుల దూరంలో ఆగాం. కూనలు పుట్టి రెండు వారాలు కూడా కాలేదనిపించింది. ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. పొట్టలు గుండ్రంగా ఉన్నాయి, అంటే తల్లి పాలు తాగి ఎక్కువ సేపు కాలేదు. గాయాలు లేవు, చీమలు పట్టలేదు. నేను చేయాల్సింది ఏమీ లేదు. ముట్టుకోకుండా వెనక్కి రావడమే వైద్యం.

అందరినీ పంపించేశాం. మేస్త్రీ మాత్రం లారీ వస్తే లోడు ఎలాగని బాధపడ్డాడు. సాయిలు తమ్ముడు అతన్ని రోడ్డవతల ఉన్న ఇంకో మడికి తీసుకెళ్లాడు. కూనలున్న చుట్టూ చెరుకు కోయకుండా వదిలేశారు. సాయిలు ఆ పని చెప్పినప్పుడు తమ్ముడు ఎదురు చెప్పలేదు. నేను ఊరికే నిలబడి చూశాను. ఒకప్పుడు ఈ మనిషే గుళికలు చల్లాడని అక్కడున్న కొత్త వాళ్లెవరికీ తెలియదు. చెప్పాల్సిన పని కూడా లేదు.

మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను. నర్సవ్వ, సాయిలు ముందే వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. కూనలు లేవు. అవి పడుకున్న చోట ఎండాకు గుంటలా నొక్కుకుపోయి ఉంది. నీళ్లు పారిన మడి అంచున తల్లి అడుగులు గుట్ట వైపు రెండుసార్లు పోయి, ఒకసారి వచ్చిన గుర్తు స్పష్టంగా ఉంది. ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకొని తీసుకెళ్లింది.

సాయిలు ఆ అడుగుల పక్కన గొంతుక్కూర్చొని కాసేపు చూశాడు. ఏమనిపిస్తోందని అడిగాను.

“ఏమనిపిస్తది సారూ. ఇంకో రెండు తయారైతున్నయి. ఇయ్యాల్టి సంది తలుపు జర గట్టిగ ఏసుకోవాలె,” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం.

నేను బండి వైపు నడుస్తుంటే వెనక నుంచి పిలిచాడు. “వచ్చిండ్రు గద, ఉత్తగ ఎందుకు వోవుడు. మా బర్రె కుంటుతున్నది, జర జూసి పొండ్రి.”

సంచి తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. తొడుగులు వేసుకొని బర్రె కాలు ఎత్తి నా మోకాలి మీద పెట్టుకున్నాను. రెండు గిట్టల మధ్య చిన్న మొరం రాయి ఇరుక్కొని, చుట్టూ కొంచెం చీము పట్టింది. రాయి తీసి, కడిగి, మందు రాశాను. నర్సవ్వ చాయ్ తెచ్చింది. నేను తాగుతుండగా బర్రె ఆ కాలు నెమ్మదిగా నేల మీద ఆనించి, బరువు వేసి చూసుకొని, గడ్డి వైపు నడిచింది.